వంద పడకల ఆసుపత్రికి బ్యాకప్: నాలుగు నెలల డైరీ

ఈ డైరీ చిన్న ఆసుపత్రుల్లో కంప్యూటర్ల పని మొత్తం నెత్తినేసుకున్న ఒంటరి మనుషుల కోసం. నేనూ అలాంటివాణ్ణే. కాంట్రాక్టు ఉద్యోగం. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే నేనే, ఓపీ చీటీ రాకపోతే నేనే. ఆసుపత్రి పేరు రాయను, వంద పడకల ప్రభుత్వ ఆసుపత్రి అనుకోండి చాలు. పని 2024 ఆగస్టులో మొదలై నవంబరు దాకా సాగింది. సాఫీగా జరిగినవి రెండు ముక్కల్లో తేల్చేశాను. చెడినవి వివరంగా రాశాను. ఇవి నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే కనీసం మూడు ఆదివారాలు ఇంట్లో ఉండేవాణ్ణి.

పని పొడవునా ఒక్క అంకె మీదే కన్నేసి ఉంచాను. సర్వర్ పోయిన క్షణం నుంచి ల్యాబ్‌లో మళ్ళీ మొదటి రిపోర్టు ప్రింటయ్యే దాకా ఎంతసేపు? ప్రతి దశ చివర ఆ అంకె, అప్పటిదాకా అయిన ఖర్చు రాశాను.

దశ 0: ఏముందో లెక్క (ఆగస్టు 5–9)

కొలిచినవి:

1. ల్యాబ్ డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్ ప్రోగ్రాము) మీద: 6.2 జీబీ
2. ఎక్స్‌రే బొమ్మలు: 412 జీబీ
3. స్కాన్ చేసిన కాగితాలు, అంటే ఆరోగ్యశ్రీ కేస్ షీట్లు, డిశ్చార్జి సమ్మరీలు: 138 జీబీ
4. ఫార్మసీ స్టాకు, జీతాల ఎక్సెల్ ఫైళ్ళు: 0.8 జీబీ

మొత్తం 557 జీబీ.

"బ్యాకప్ ఉందిగా" అన్నారు అందరూ. ఉంది. సర్వర్ వెనక ఒక టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు, నీలం లైటు మిణుకుమిణుకుమంటూ. రోజూ రాత్రి ఒక బ్యాచ్ ఫైలు నడిచి అన్నీ అందులోకి కాపీ చేస్తుంది. తెరిచి చూశాను. ఎక్స్‌రేలు నిన్నటివరకు ఉన్నాయి. స్కాన్‌లు ఉన్నాయి. ల్యాబ్ డేటాబేస్ ఫైలు మీద తేదీ చూసి రెండుసార్లు కళ్ళు నలుపుకున్నాను: 2021 మార్చి.

మూడేళ్ళ మీద అయిదు నెలలుగా ల్యాబ్ డేటా కాపీ కావడం లేదు. ఎందుకో తెలుసుకోడానికి ఒక పూట పట్టింది. పాత రోజుల్లో సాయంత్రం సర్వర్ ఆపేసి పొద్దున వేసేవారట. మిషన్ లేవగానే, డేటాబేస్ సర్వీస్ ఇంకా మొదలుకాకముందే, బ్యాచ్ ఫైలు ఆ ఫైలును పట్టుకుపోయేది. 2021లో కొత్త యూపీఎస్ వచ్చాక సర్వర్ ఆపడం మానేశారు, కాపీ టైమును రాత్రికి మార్చారు. అప్పట్నుంచి ఆ ఫైలు ఎప్పుడూ తెరిచే ఉంటోంది, కాపీ ఎప్పుడూ కుదరట్లేదు. బ్యాచ్ ఫైల్లోని ఎక్స్‌కాపీ కమాండ్‌లో స్లాష్ సి అని ఉంది. తప్పు వచ్చినా ఆగకుండా ముందుకెళ్ళమని దాని అర్థం. వచ్చే మెసేజ్ ఎవరికీ కనపడకుండా దాచేశారు కూడా. మంచి కరెంటు రావడం వల్ల పోయిన బ్యాకప్ ఇది.

రెండో సంగతి ఇంతకన్నా పెద్దది. ఆ డిస్కు ఇరవై నాలుగు గంటలూ సర్వర్‌కే తగిలించి ఉంది. ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి తీయడానికి డబ్బులడిగే ప్రోగ్రాము, వచ్చిందంటే సీ డ్రైవును ఎలా తాళం వేస్తుందో ఈ డ్రైవునూ అలాగే వేస్తుంది. విండోస్ తనంతట తాను దాచుకునే షాడో కాపీలను కూడా ముందుగానే తుడిచేయడం వాటికి మామూలు అలవాటు.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అయిదు సర్వర్ల మీద దెబ్బ పడింది, దాదాపు 1.3 టీబీ డేటా ఎన్‌క్రిప్ట్ అయిందని (తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మారిందని) ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. రెండు వారాల పాటు ఓపీ, ల్యాబ్ అన్నీ కాగితం మీదే నడిచాయి. చివరికి ఈ-హాస్పిటల్ (అక్కడి ఆసుపత్రి సాఫ్ట్‌వేర్) డేటా దక్కింది కూడా దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టే. ఆ 'దెబ్బ తగలని' అన్న మాటనే మా సూపరింటెండెంట్ గారికి రాసిన నోట్‌లో కింద గీత గీసి పెట్టాను.

తిరిగి రావడానికి పట్టే టైము: కొలవడానికి ఏమీ లేదు.
ఖర్చు: రూ. 0

దశ 1: డేటాబేస్‌ను సరిగ్గా కాపీ చేయడం (ఆగస్టు 12–23)

నడుస్తున్న డేటాబేస్ ఫైలును కాపీ కొట్టకూడదు. బ్యాకప్ తీయమని డేటాబేస్‌నే అడగాలి. అది తెలిసినా మూడుసార్లు బోర్లా పడ్డాను.

ఒకటి. కంప్రెషన్ పెట్టి బ్యాకప్ కమాండ్ ఇచ్చాను, ఎర్రర్. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో ఆ సౌకర్యం లేదు. తీసేశాక నడిచింది. చెక్‌సమ్ ఆప్షన్, అంటే డేటా చెడిందో లేదో సరిచూసేది, మాత్రం తప్పకుండా పెట్టండి. డేటా పేజీ ఏదైనా చెడి ఉంటే బ్యాకప్ తీసేటప్పుడే అరుస్తుంది.

రెండు. ఎక్స్‌ప్రెస్‌లో రోజూ తనంతట తాను పని నడిపే ఏజెంట్ కూడా ఉండదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌తో సరిపెట్టుకోవాలి. పెట్టాను. మూడు రోజులు చక్కగా వచ్చింది, నాలుగో రోజు రాలేదు. యూజర్ లాగిన్ అయి ఉంటేనే నడపమన్న ఆప్షన్‌ను మార్చకుండా వదిలేశాను. ఆ రోజు ఎవరో లాగాఫ్ చేసి వెళ్ళారు. లాగిన్ అయినా కాకపోయినా నడపమని మార్చాను.

మూడు. 6.2 జీబీ ఫైలు పెద్దదిగా ఉందని దాన్ని జిప్ చేసి 1.1 జీబీకి దించి మురిసిపోయాను. ఇది తప్పని తెలియడానికి వారం పట్టింది. సంగతి కింద ఉంది.

తిరిగి రావడానికి: ఇంకా పరీక్షించలేదు.
ఖర్చు: రూ. 0

దశ 2: విడిగా ఒక పెట్టె (ఆగస్టు 26–సెప్టెంబరు 17)

మూల పడేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి (ఇకపై దీన్నే 'పెట్టె' అంటాను) దుమ్ము దులిపి, డెబియన్ లినక్స్ వేసి, రెండు 4 టీబీ డిస్కులను ఒకదానికొకటి అద్దంలా పెట్టాను, ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ పడేలా. బ్యాకప్‌కు రెస్టిక్ అనే ప్రోగ్రాము వాడాను. డబ్బులక్కర్లేదు, ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, మారిన ముక్కలు మాత్రమే దాచుకుంటుంది. పెట్టె మీద రెస్టిక్‌కు సంబంధించిన చిన్న సర్వర్ ప్రోగ్రామును అపెండ్-ఓన్లీ పద్ధతిలో నడిపాను. అంటే ల్యాబ్ సర్వర్ నుంచి కొత్తవి చేర్చగలరు గానీ పాతవి తుడవలేరు. రేపు ల్యాబ్ సర్వర్ దొంగ చేతిలోకి పోయినా, అక్కణ్ణుంచి పెట్టెలో ఉన్నదాన్ని చెరపలేడు. పాతవి తీసేసే పని పెట్టె దగ్గర కూర్చునే చేయాలి. పెట్టెకు విండోస్ షేర్ లేదు, ఆసుపత్రి పాస్‌వర్డులు ఏవీ దాని మీద పనిచేయవు.

రోజువారీ క్రమం:

1. రాత్రి 1:00 డేటాబేస్ బ్యాకప్
2. 1:30 రెస్టిక్, షాడో కాపీ ఆప్షన్‌తో. ఫార్మసీ ఎక్సెల్ ఫైలు రాత్రింబవళ్ళు తెరిచే ఉంటుంది మరి
3. 5:00 ఎంత కొత్త డేటా చేరిందో నాకొక మెయిల్

ఆగస్టు 31 శనివారం రాత్రి 9కి మొదటి పూర్తి బ్యాకప్ మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున పదిన్నర దాటాక అయింది. 13 గంటల 40 నిమిషాలు. సెకనుకు 11.3 ఎంబీ. ఆ అంకె చూడగానే లైను 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, అంటే దాదాపు 12 ఎంబీ) దగ్గర ఆగిందని తెలిసిపోవాలి. రాక్‌లో ఉన్న స్విచ్ పాతది. 1,650 పెట్టి గిగాబిట్ (పదింతల వేగం) స్విచ్ కొన్నాను. 20 జీబీ ఫోల్డరుతో మళ్ళీ కొలిచాను: 29 నిమిషాలు. అదే 11.3.

స్విచ్ మార్చి పెట్టె మార్చి డ్రైవర్ మార్చి, చివరికి గోడలోంచి వచ్చే కేబుల్ కొనను పీకి వెలుతురులో చూశాను. ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేసి ఉన్నాయి. మిగతా నాలుగూ వెనక్కి మడిచి, టేపు చుట్టి, పక్క గదిలో ఇంటర్‌కామ్‌కు ఇచ్చారు. ఒక కేబుల్‌తో రెండు పనులు. ఎవరు చేశారో గానీ పొదుపరి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. కొత్త క్యాట్-6 లాగించాను. అదే ఫోల్డరు 4 నిమిషాల్లో వెళ్ళింది, సెకనుకు 84 ఎంబీ. మీరు కొనాల్సి వస్తే ముందు కేబుల్ కొన చూసి తర్వాత స్విచ్ కొనండి.

ఇప్పుడు జిప్ సంగతి. జిప్ ఫైలు లోపల చిన్న మార్పు జరిగినా బయటికి దాదాపు అంతా కొత్తగా కనిపిస్తుంది. అందుకే మారిన ముక్కలే దాచుకునే రెస్టిక్‌కు అది రోజూ కొత్త ఫైలే. కొలిచాను: జిప్ చేస్తే రోజుకు 1.1 జీబీ చేరుతోంది, చేయకుండా పంపితే దాదాపు 90 ఎంబీ. 90 రోజులకు 99 జీబీ ఎక్కడ, 8 జీబీ ఎక్కడ! జిప్ తీసేశాను. కుదించే పని రెస్టిక్కే చూసుకుంటుంది.

కాపీలు 90 రోజులు ఉంచడం ఎందుకంటే, మొదట వారం రోజుల కాపీలు చాలనుకున్నాను. ఐర్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవ హెచ్‌ఎస్‌ఈ మీద 2021లో జరిగిన దాడి గురించి తర్వాత వచ్చిన విచారణ రిపోర్టు చదివాక మార్చాను. మార్చి 18న ఒక ఉద్యోగి మెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరిచారు. ర్యాన్సమ్‌వేర్ పేలింది మే 14న. మధ్యలో 57 రోజులు దొంగలు లోపలే తిరిగారు. వారం కాపీలే ఉంటే అన్నీ దొంగ ఇంట్లో ఉండగా తీసినవే అవుతాయి. ఆ రెండు నెలల్లో చెడిపోయిన ఫైలు మంచి కాపీ ఒక్కటీ మిగలదు.

పాతవి తీసేసేటప్పుడు ఒక జాగ్రత్త. 'చివరి ఏడు ఉంచు' లాంటి నియమం పెట్టకండి. దొంగ నకిలీ కాపీలు ఏడు వరసగా దూర్చితే మంచివి మనమే మన చేత్తో తుడిచేస్తాం. ఫలానా కాలంలోపువన్నీ ఉంచమని పెట్టాలి.

సెప్టెంబరు 14. పెట్టెలో ఉన్నది బాగుందో లేదో రెస్టిక్ చెక్‌తో చూశాను, పది శాతం డేటాను నిజంగా చదివించి. 'సైఫర్‌టెక్స్ట్ వెరిఫికేషన్ ఫెయిల్డ్' అని వచ్చింది. ఒకసారి కాదు, మూడుచోట్ల. డిస్కులు కొత్తవి, వాటిలో తప్పేమీ లేదు. రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపితే పొద్దునకు తెర మీద ఎర్ర గీతలు. రెండు ర్యామ్ కడ్డీల్లో ఒకటి చెడింది. డిస్కుకు చేరేలోపే డేటా ర్యామ్‌లో పాడవుతుంటే, పాడైనదాన్నే రెండు డిస్కులూ శ్రద్ధగా దాచుకున్నాయి. 1,300 పెట్టి ర్యామ్ మార్చి, పాతదంతా పారేసి మళ్ళీ మొదటి నుంచి పూర్తి బ్యాకప్ తీశాను. ఈసారి 1 గంట 51 నిమిషాలు. పాత కంప్యూటర్‌ను బ్యాకప్‌కు వాడేవాళ్ళు ముందు రోజు రాత్రి మెమ్‌టెస్ట్ నడిపి, ఆ తర్వాతే మొదలుపెట్టండి.

తిరిగి రావడానికి: ఇంకా పరీక్షించలేదు. ఈపాటికి చేసి ఉండాల్సింది.
ఖర్చు: డిస్కులు 18,400, స్విచ్ 1,650, కేబుల్ 900, ర్యామ్ 1,300. మొత్తం రూ. 22,250

దశ 3: తీగ లేని కాపీ (సెప్టెంబరు 18–27)

హెచ్‌ఎస్‌ఈ రిపోర్టులో నన్ను పట్టుకున్న ఇంకో మాట: వాళ్ళ బ్యాకప్ వ్యవస్థను ఆఫ్‌లైన్ టేపుల మీదకు ఎప్పుడో ఒకసారి మాత్రమే ఎక్కించేవారు. ఆరో రోజున దొంగలే తాళంచెవి ఊరికే ఇచ్చేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే చాలా డేటా శాశ్వతంగా పోయేదని ఆ రిపోర్టే అంటోంది. దొంగ దయ మీద ఆధారపడే ప్లాను మనకొద్దు.

మూడు 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులు కొన్నాం. సోమవారం ఒకటి, గురువారం ఒకటి. పెట్టెకు తగిలించి, కాపీ అయ్యాక పీకేసి, సూపరింటెండెంట్ గారి గదిలో ఇనప బీరువాలోకి. మూడోది నెలకోసారి రోడ్డు అవతల ఇంకో ఆఫీసుకు. వాళ్ళది మొదటి అంతస్తు. తుఫాను వస్తే మా సర్వర్ గదిలోకి నీళ్ళు రావడం నేను కళ్ళారా చూశాను.

క్లౌడ్ ఎందుకు కాదని అడుగుతారు. మాకున్న నెట్ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. 557 జీబీ వెళ్ళడానికి ఆపకుండా 62 గంటలు, అదీ కాగితం లెక్కలో. పైగా రోగుల వివరాలు బయటికి పంపడానికి పర్మిషన్ కావాలి. ఫైలు కదులుతోంది.

చెడినవి:

మొదటి కాపీ నాలుగున్నర గంటలు పట్టింది. పెట్టెకు ముందువైపున్న పోర్టులో పెట్టాను, అది యూఎస్‌బీ 2. వెనక నీలం పోర్టులో పెడితే గంటా ఇరవై నాలుగు నిమిషాలు. తర్వాతివి మారినంత మేరే కాబట్టి నాలుగైదు నిమిషాల్లో అయిపోతున్నాయి.

రెండో వారం సోమవారం డిస్కు తగిలిస్తే అందులో ఎవరి పెళ్ళి వీడియోనో ఉంది. 'తలంబ్రాలు ఫైనల్' అని ఫోల్డరు. బీరువా తాళం ఇంకో పనికి ఇచ్చినప్పుడు ఎవరో ఖాళీ డిస్కు అనుకుని తీసుకెళ్ళారు. అంటే అది కనీసం రెండు బయటి కంప్యూటర్లకు తగిలి వచ్చింది. వీడియో వాళ్ళకు ఇచ్చేసి, మూడు డిస్కులనూ లినక్స్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేశాను. ఇప్పుడు విండోస్‌కు తగిలిస్తే డిస్కు అర్థంకాక 'ఫార్మాట్ చేయమంటారా' అని అడుగుతుంది. ఇది కొత్త ప్రమాదం! ఎవరైనా ఎస్ నొక్కితే ఉన్నదంతా పోతుంది. అందుకని డిస్కుల మీద ఎర్ర స్టిక్కరు, 'ముట్టొద్దు, అడగండి' అని నా ఫోన్ నంబరు. చిన్న తాళం పెట్టె కొనమని అడిగాను, ఇంకా రాలేదు.

ఖర్చు: మూడు డిస్కులు 16,800. మొత్తం రూ. 39,050

దశ 3కి తోక: ఎక్స్‌రే గది

ఎక్స్‌రే మిషన్‌కు ఉన్న కంప్యూటర్ విండోస్ 7. అప్‌డేట్ చేస్తే వారంటీ పోతుందని మిషన్ అమ్మినవాళ్ళ మాట. 2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌ను పట్టుకున్నప్పుడు 236 ట్రస్టుల్లో (ఆసుపత్రులు నడిపే సంస్థల్లో) కనీసం 80 దెబ్బతిన్నాయి. ఆ కన్నాన్ని పూడ్చే ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. రెండు నెలలుగా వేసుకోలేదు, అంతే. అప్పుడే మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ ఆగాయి.

మేం చేసిందిది: ఆ కంప్యూటర్ ముందు ఒక చిన్న రౌటర్ పెట్టి, ఎక్స్‌రే బొమ్మలు సర్వర్‌కు వెళ్ళే ఒక్క పోర్టు తప్ప అన్నీ మూసేశాం. ఇంటర్నెట్ లేదు. వాన్నాక్రై దూరిన పాత ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్‌ఎంబీ వన్ ఆపేశాం. రేడియోగ్రాఫర్ గారు రెండు రోజులు అలిగారు, పాటలు రావట్లేదని.

ఖర్చు: రౌటర్ 2,300. మొత్తం రూ. 41,350

దశ 4: పోయిందనుకుని తెచ్చుకోవడం (సెప్టెంబరు 29, అక్టోబరు 20, నవంబరు 24)

మూడూ ఆదివారాలే. ఓపీ ఉండదు, క్యాజువాలిటీ, వార్డుల శాంపిళ్ళు మాత్రమే వస్తాయి.

మొదటిసారి. పొద్దున 9:00కి ల్యాబ్ సర్వర్ కేబుల్ పీకాను. నియమం ఒకటే: ఆ సర్వర్‌ను ముట్టకూడదు. వేరే డెస్క్‌టాప్ మీద అన్నీ మళ్ళీ నిలబెట్టాలి.

9:20. రెస్టిక్ పాస్‌వర్డ్ కావాలి. అది ఎక్కడుంది? ల్యాబ్ సర్వర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్లో. ఇంకెక్కడా లేదు. నిజంగా దాడి జరిగి ఉంటే 557 జీబీ, నెలన్నర కష్టం, 41 వేల సామాను అన్నీ చేతిలో ఉండి తాళంచెవి లేని ఇనప్పెట్టె అయ్యేది. కాసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. నియమం తప్పి సర్వర్ తెరిచి చూసి రాసుకున్నాను. ఇదొక్కటి చాలు పరీక్ష తప్పినట్టు లెక్క, అయినా కొనసాగించాను.

10:05. నా పెన్ డ్రైవులో ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014. పాత సర్వర్‌ది 2016. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాతదానిలో ఎక్కదు, ఎర్రర్ 3169. సరైనది డౌన్‌లోడ్ చేసి ఎక్కించేసరికి 11:40.

11:44. డేటాబేస్ తిరిగి వచ్చింది. నాలుగు నిమిషాలు! నేను నెల రోజులు తిప్పలు పడిన భాగం పట్టిన టైమంతా ఇదే.

12:00. సాఫ్ట్‌వేర్ లాగిన్ కాదు. డేటాబేస్ లోపలి యూజర్‌కు, సర్వర్ మీద లాగిన్‌కు లంకె తెగిపోతుంది, కొత్త మిషన్ మీద ప్రతిసారీ ఇంతే. ఒక్క లైను కమాండ్‌తో పోతుంది. ఆ లైను వెతకడానికి గంటన్నర పైనే పట్టింది.

2:00. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పాత మిషన్‌కు ముడిపడి ఉంది. అమ్మినవాళ్ళ ఫోను ఎత్తట్లేదు, ఆదివారం కదా. 5:10కి ఎత్తారు.

6:40. మొదటి రిపోర్టు ప్రింటయింది.

తిరిగి రావడానికి: 9 గంటల 40 నిమిషాలు.

ఆ పొద్దంతా ల్యాబ్ కాగితం మీద నడిచింది. అక్కడ జరిగింది నాకు అన్నిటికన్నా భయం కలిగించింది. కేబుల్ పీకేముందే ఆ రోజు కంప్యూటర్‌లో 11 శాంపిళ్ళు ఎక్కాయి, 1 నుంచి 11 నంబర్లు. కాగితం మీదకు మారగానే టెక్నీషియన్ మేడమ్ మళ్ళీ 1 నుంచి వేశారు. సాయంత్రం ఎక్కించబోతే రెండు 7లు. ఒక 7 గర్భిణి హిమోగ్లోబిన్, ఇంకో 7 డెంగీ అనుమానం ఉన్న పిల్లాడి ప్లేట్‌లెట్లు. మేడమ్ అలవాటుగా పక్కన వార్డు పేరు రాసి ఉండబట్టి విడదీశాం. ఇప్పుడు ముందే అచ్చు వేయించిన ఫారాలు ఒక పెట్టెలో ఉన్నాయి. నంబర్లు 'కా-1' నుంచి మొదలవుతాయి, కాగితం అని గుర్తు.

అక్టోబరు 20లోపు మార్చినవి:

1. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, సీలు కవర్లో, రెండు చోట్ల. ఒకటి బీరువాలో, ఒకటి ఫార్మసిస్టు గారి దగ్గర.
2. సరైన వెర్షన్ ఇన్‌స్టాలర్లు, లాగిన్ సరిచేసే ఆ ఒక్క లైను, ప్రింటర్ డ్రైవర్, అన్నీ రెండు పెన్ డ్రైవుల్లో.
3. అమ్మినవాళ్ళకు సూపరింటెండెంట్ గారి సంతకంతో లెటర్. రెండో మిషన్‌కు స్టాండ్‌బై లైసెన్స్ ఇచ్చారు. అడిగితే ఇచ్చారు, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు.
4. తెచ్చుకునే వరస: ముందు ల్యాబ్, తర్వాత ఫార్మసీ, తర్వాత ఈ నెల స్కాన్‌లు. పాత ఎక్స్‌రేలు ఆఖరున.

రెండోసారి, నేనే చేశాను: 1 గంట 50 నిమిషాలు.

మూడోసారి నేను ముట్టుకోలేదు. డేటా ఎంట్రీ ఆపరేటర్ కుర్రాడికి రెండు పేజీల కాగితం ఇచ్చి వెనక నిలబడ్డాను. ఆరో మెట్టు దగ్గర ఆగిపోయాడు. "అన్నా, 'మామూలుగా ఇన్‌స్టాల్ చేయండి' అని రాశావ్. మామూలుగా అంటే ఏ బటన్?" నాకు మామూలు, వాడికి కాదు. ఆ మెట్టును తొమ్మిది మెట్లుగా విడగొట్టి రాశాను, తెర ఫొటోలతో.

తిరిగి రావడానికి: 2 గంటల 35 నిమిషాలు. అంకె పెరిగింది, కానీ నేను లేకపోయినా వచ్చే అంకె ఇది. ఇక దీన్నే లెక్కలోకి తీసుకుంటాను.

హెచ్‌ఎస్‌ఈకి తాళంచెవి మే 20న దొరికింది, సర్వర్లన్నీ తిరిగి లేచింది సెప్టెంబరు 21న. తాళంచెవి చేతిలో ఉండి నాలుగు నెలలు. వాళ్ళవి వేల కంప్యూటర్లు, మావి ముప్పై ఒకటి. అయినా డేటా ఉందా అన్నదానికన్నా దాన్ని ఎవరు, ఏ వరసలో, ఏ కాగితం చూసి నిలబెడతారన్నదే టైము తింటుందని ఆ ఆదివారాల్లో బాగా తెలిసింది.

ఖర్చు: ఫారాలు 1,800, పెన్ డ్రైవులు 900. మొత్తం రూ. 44,050

దశ 5: అలారం (నవంబరు 12)

రోజూ పొద్దున 5కి వచ్చే మెయిల్లో కొత్తగా చేరిన డేటా మామూలుగా 1.3, 1.4 జీబీ. 5 జీబీ దాటితే ఫోన్ మోగేలా పెట్టుకున్నాను. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్ళు రెస్టిక్‌కు పూర్తిగా కొత్తవిగా కనిపిస్తాయి కాబట్టి దాడి జరిగితే ఈ అంకె ఎగిరిపడుతుంది.

నవంబరు 12 మంగళవారం మోగింది. 38 జీబీ.

పళ్ళు కూడా తోముకోలేదు. బండి మీద పన్నెండు నిమిషాలు. దారిలో ఉండగానే నైట్ డ్యూటీ ల్యాబ్ టెక్నీషియన్‌కు ఫోన్ చేసి సర్వర్ వెనక నీలం కేబుల్ పీకమన్నాను. "సార్, నీలంవి మూడున్నాయి" అన్నాడు. మూడూ పీకమన్నాను. వెళ్ళి చూస్తే ఫైళ్ళ పేర్లు మామూలుగానే ఉన్నాయి, డబ్బులడిగే నోట్ ఎక్కడా లేదు. మారినవన్నీ 2023 స్కాన్‌లు. ఒక పీడీఎఫ్ తెరిచాను, తెరుచుకుంది. అప్పుడు ఊపిరి వచ్చింది. డిస్కు నిండిపోతోందని స్కానింగ్ సెక్షన్ అమ్మాయి ఆ సంవత్సరం పీడీఎఫ్‌లన్నీ చిన్నవి చేసే సాఫ్ట్‌వేర్ పెట్టి రాత్రంతా వదిలేసింది. "మంచిదేగా సార్?" అంది. మంచిదే, ముందు చెబితే.

ఆ పూట టెన్షన్‌లో బయటపడ్డవి:

1. కేబుళ్ళకు పేర్లు లేవు. ఇప్పుడు సర్వర్ కేబుల్‌కు ఎర్ర టేపు.
2. ఎవరిని పిలవాలో నైట్ డ్యూటీలో ఎవరికీ తెలియదు. ల్యాబ్‌లో గోడ మీద కాగితం అంటించాం: కేబుల్ పీకు, మిషన్ ఆపకు, ఈ నంబర్లకు ఫోన్ చెయ్. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్ ఉత్తర్వుల ప్రకారం దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లోపు వాళ్ళకు చెప్పాలి. ఆ లైను కూడా అందులో ఉంది.
3. ఆ సాఫ్ట్‌వేర్ ఆమె తనంతట తాను ఇన్‌స్టాల్ చేసుకోగలిగింది. అంటే అడ్మిన్ హక్కులున్నాయి. 31 కంప్యూటర్లలో 26కి ఉన్నాయి. ఇప్పుడు 4కి. ఈ పని నాలుగు నెలల కింద మొట్టమొదట చేయాల్సింది.

ఖర్చు: రూ. 0. మొత్తం రూ. 44,050

డిసెంబరు 1 నాటికి మిగిలినవి

ల్యాబ్ సర్వర్‌ను చేజిక్కించుకున్నవాడు బ్యాకప్‌ను తుడవలేడు గానీ చదవగలడు, పాస్‌వర్డ్ అక్కడే ఉండాలి కాబట్టి. డేటా ఎత్తుకుపోయి బయటపెడతామని బెదిరిస్తే బ్యాకప్ అడ్డుపడదు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

డిస్కుల తాళం పెట్టె: ఇండెంట్ పెట్టి అరవై రోజులు.

డేటాబేస్ 6.2 నుంచి 6.6 జీబీకి వచ్చింది. మా 2016 ఎక్స్‌ప్రెస్ హద్దు 10 జీబీ.

తర్వాతి రిహార్సల్ జనవరి 26, ఆదివారం. జెండా వందనం అయ్యాక, పదింటికి. ఈసారి కాగితం పట్టుకునేది స్కానింగ్ సెక్షన్ అమ్మాయి.